అడుగులేని బుట్టలు

మరాళదేశపు రాజధాని నీలికోటలో ఆ ఉదయం ఒక్క కాకీ అరవలేదు. కాకులు లేక కాదు. కోటగోడ పొడవునా, ఇళ్ల కప్పుల మీద, మాటమండపం శిఖరాల మీద బారులు తీరి కూర్చునే ఉన్నాయి. కూర్చుని, కింద నడిచే మనుషుల పాదాల వైపే చూస్తున్నాయి.

మేదరివీధి చివరి ఇంట్లో రేవక తలుపు తీసుకుని వాకిట్లోకి వచ్చింది. ఆమె తండ్రి వాసెన అప్పటికే ఎండలో కూర్చుని వెదురు అల్లుతున్నాడు. ఆయన చేతిలో కత్తికి నీడ ఉంది. ముందున్న బుట్టకు నీడ ఉంది. వాటి మధ్య కూర్చున్న మనిషికి లేదు.

"నాయనా, రాత్రి అన్నం తిన్నావా?"

"తినలేదు."

"ఆకలిగా ఉందా?"

"ఉంది."

"మరి నన్ను అడగొచ్చు కదా!"

వాసెన తలెత్తలేదు. అది ప్రశ్న కాదు, అందుకని జవాబు రాలేదు. రేవక మళ్లీ అడిగింది. "ఎందుకు అడగలేదు నాయనా?"

"అడగడం రాదు" అన్నాడాయన, వాన పడుతోంది అన్నంత మామూలుగా.

నీడ పోయినవాళ్లను నీలికోటలో ఎండమనుషులు అంటారు. వాళ్లు తింటారు, నడుస్తారు, చెప్పిన పని చేస్తారు. అడిగినదానికి ఉన్నదున్నట్టు జవాబు చెబుతారు. తమంతట తాము ఒక్క మాట అనరు. వాసెన ఒకప్పుడు మరాళదేశంలోకెల్లా గట్టి బుట్టలు అల్లినవాడు. నెల రోజులుగా ఆయన బుట్టను పైఅంచు నుంచి మొదలుపెడుతున్నాడు. అంచు దిగుతుంది, గోడ దిగుతుంది, అడుగు దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. దాన్ని పక్కన పెట్టి ఇంకొకటి ఎత్తుకుంటాడు. వాకిలి నిండా అడుగులేని బుట్టలు నోళ్లు తెరుచుకుని పడున్నాయి.

రేవక కంచంలో అన్నం కలిపి ఆయన చేతికిచ్చి "తిను నాయనా" అంది. తిన్నాడు.

ఇదంతా ఎలా జరిగిందంటే, మరాళదేశంలో ఒక పాత కట్టుబాటు ఉంది. ఏలినవాడు మాటమండపం ఎక్కి ఎంత గొప్పగా మాట్లాడినా అది ఊరికే శాసనం కాదు. వినేవాళ్లలో ఒకరు లేచి, ఆ ప్రసంగమంతా ఏ ఒక్క మాట మీద నిలబడిందో దాన్ని బయటపెట్టాలి. దానికి పట్టుమాట అని పేరు. పట్టుమాట సరైనదైతే మండపం ముందున్న సాక్షిశిల నల్లటి ఒంటి మీద తెల్లటి అక్షరాలై లేస్తుంది. జనం అది చదువుకుని ఔనో కాదో చెబుతారు. పట్టుమాట తప్పితే శిల పలకదు. అప్పుడా ప్రసంగం, లోపల దాగిన మాటతో సహా, శాసనమైపోతుంది.

ముసలిరాజు వీరకేతుడు మంచం పట్టినప్పటి నుంచి రాజ్యం మహామంత్రి శూన్యపాదుడి చేతిలో ఉంది. అతను మాంత్రికుడని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. తడి ఇసుక మీద నడిచినా అతని అడుగు పడదు. అతనికి కావలసినవి మనుషుల నీడలు. అయితే నీడను బలవంతంగా ఊడబెరికే మంత్రం ఏ లోకంలోనూ లేదు. మనిషి తనంతట తాను ఒప్పుకోవాలి. ఒప్పుకున్నానని తెలియకుండా ఒప్పుకున్నా చాలు.

మొదటి ప్రసంగం నాడు పట్టుమాట చెప్పవలసిన వంతు ఆస్థాన పండితుడు కుంభనకు వచ్చింది. పురాణానికి ఫలశ్రుతి చివరనే ఉంటుంది కదా అని ఆయన ప్రసంగంలోని చివరి వాక్యం చెప్పాడు. శిల పలకలేదు. కోటలో ఉన్నవాళ్లందరి నీడలూ, రాజుగారి నీడతో సహా, పోయాయి. రెండోసారి వంతు వాసెనకు వచ్చింది. ఆయన చదువుకున్నవాడు కాదు. జనం దేనికి ఎక్కువ చప్పట్లు కొట్టారో ఆ వాక్యం చెప్పాడు. మేదరివీధి నీడలు పోయాయి. ఆ రోజు వెదురు కొట్టడానికి అడవికి వెళ్లిన రేవక ఒక్కతే మిగిలింది.

ఈ రోజు మూడోసారి. ఈసారి కూడా పట్టుమాట తప్పితే మిట్టమధ్యాహ్నానికి ఊరంతటి నీడలూ శూన్యపాదుడి దంతపుపెట్టెలో చేరతాయి. పోయినవి ఇక తిరిగి రావు.

"రేవకా! తలుపు! తలుపు తియ్యి!"

గాజుల మలారం భుజాన వేసుకుని ఒక యువకుడు గోడ దూకి వాకిట్లో పడ్డాడు. అతను పుష్పకేతుడు, ముసలిరాజు కొడుకు. గురుకులం నుంచి తిరిగివచ్చి, తండ్రి ఎండమనిషి అయ్యాడని విని, గాజులవాడి వేషంలో పది రోజులుగా ఈ ఇంట్లోనే తలదాచుకుంటున్నాడు.

"గోడ దూకాక తలుపెందుకు బాబూ" అంది రేవక.

"వేళాకోళానికి ఇదా సమయం? కోటభటులు వెంటపడ్డారు. ఎనిమిది మంది! ఒక్కడి అడుగు చప్పుడైనా వినిపిస్తే ఒట్టు."

"ఏమని చెప్పి పంపారో విన్నావా?"

"గాజుల మలారం మోసేది ఎవరైతే వాళ్లను పట్టి తెమ్మన్నాడు శూన్యపాదుడు. నా చెవులతో విన్నాను."

రేవక చుట్టూ చూసింది. చాకలివాళ్ల గాడిద ఒకటి గోడ పక్కన గడ్డి పీకుతోంది. అతని భుజం మీది మలారం లాగి దాని వీపు మీద వేసి, అతణ్ణి కోళ్లగంప కిందికి తోసింది.

"కోళ్లగంపా! నేను మరాళదేశపు యువరాజుని!"

"కోళ్లేమీ అనుకోవులే, దూరు."

తలుపు తెరుచుకుంది. ఎనిమిది మంది భటులు వరసగా లోపలికి వచ్చారు. ఉదయపు ఎండ వాళ్ల ఈటెల నీడలను నేల మీద పొడుగ్గా పరిచింది. ఎనిమిది ఈటెల నీడలు, పట్టుకున్న చేతులేవీ లేకుండా, వాకిట్లో వాటంతటవే నడిచాయి. భటులు వాసెనను చూశారు, రేవకను చూశారు, మలారం మోస్తున్న గాడిదను చూశారు. ఒకడు దాని మెడకు తాడు వేశాడు. మిగిలిన ఏడుగురూ ఈటెలు ఎక్కుపెట్టి దాని చుట్టూ నిలబడ్డారు. ఆ ఊరేగింపు ఎంత గంభీరంగా వచ్చిందో అంత గంభీరంగా కోటవైపు తిరిగి వెళ్లిపోయింది.

గంప ఎత్తుకుని లేచిన పుష్పకేతుడి జుట్టు నిండా ఈకలు. నవ్వబోయి వాసెన ముఖం చూసి ఆగిపోయాడు. వాసెన ఏదీ చూడనట్టే అల్లుతున్నాడు.

"నా కత్తి ఏది?"

"వెదురుకట్టలో ఉంది. మండపంలో మాత్రం దాన్ని బయటికి తీయకు. ప్రసంగం నడుస్తుండగా ఎవరు ఆయుధం తీసినా పట్టుమాట లేకుండానే శాసనమైపోతుంది. అతనికి కావలసిందీ అదే."

"మరి ఈసారి పట్టుమాట ఎవరు చెబుతారో ఎలా తెలుస్తుంది?"

"నేనే చెబుతాను" అంది రేవక. తండ్రి చెయ్యి పట్టుకుని లేపింది. "నడు నాయనా."

* * *

మాటమండపం నూటొక్క స్తంభాల కట్టడం. ప్రతి స్తంభం మీదా ఒక నోరు చెక్కి ఉంది. కొన్ని నవ్వే నోళ్లు, కొన్ని ఏడ్చేవి, కొన్ని మాట మధ్యలో ఆగిపోయినవి. గాలి వీచినప్పుడు ఆ నోళ్లలో దూరి బయటికి వస్తూ, ఎవరో పక్కగదిలో గుసగుసలాడుతున్నట్టు వినిపించేది. పూర్వం దూరదేశాల వాళ్లు ఆ గుసగుస వినడానికే వచ్చేవారు. ఈ రోజు గాలి వీస్తూనే ఉంది. నోళ్లు మాత్రం పలకడం లేదు.

మండపం ముందు ధ్వజస్తంభం. ప్రసంగానికి శంఖం ఊదిన క్షణాన దాని నీడ కొస ఎవరిని తాకితే వాళ్లే పట్టుమాట చెప్పాలి. జనం ఆ సంగతి తెలిసి దూరంగా, ఒకరినొకరు వెనక్కి నెట్టుకుంటూ నిలబడ్డారు. రేవక నెల రోజులుగా ప్రతిరోజూ అక్కడికి వచ్చి, శంఖం ఊదే వేళకు, మిట్టమధ్యాహ్నానికి కాస్త ముందు, నీడ కొస ఎక్కడుంటే అక్కడ ఒక వెదురుపుల్ల గుచ్చి పోయేది. పిచ్చిదనుకున్నారు. ఇప్పుడు చివరి పుల్లకు రెండు వేళ్లు ఇవతలగా, తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని, తీరిగ్గా కూర్చుంది.

"ఏమే పిల్లా!" మిరపకాయలమ్మే దేవసానమ్మ గుంపులోంచి కేక పెట్టింది. "ఆ చోట కుక్క కూడా పడుకోదే! మీ అయ్య చేసిన నిర్వాకం చాలలేదా?"

"కుక్కకు వేరే చోటుంది అవ్వా. నాకు లేదు."

"అబ్బో, నోరు! ఇంతకాలం నీకు మాటలు రావనుకున్నాను."

శంఖం మోగింది. నీడ కొస పాములా జరిగి రేవక మోకాలిని తాకి ఆగింది. చల్లగా తగిలింది.

శూన్యపాదుడు మండపం మెట్లెక్కాడు. మంచుకంటే తెల్లటి పట్టుబట్టలు, మెడలో స్ఫటికమాల, చేతిలో కొక్కెం తల ఉన్న వెండికర్ర. ముఖం ఎంత ప్రశాంతంగా ఉందంటే చూసినవాళ్లకు తమ తాతగారెవరో గుర్తొస్తారు. పట్టుబట్టల అంచు మెట్ల మీద జీరాడుతోంది. మెట్ల మీది దుమ్ములో గుడ్డ ఈడ్చిన గీతే తప్ప అడుగు లేదు. అతని వెనక ఇద్దరు ఎండమనుషులు దంతపుపెట్టె మోసుకొచ్చి దించారు. పెట్టెలోంచి, మూతపెట్టిన కుండలో గింజలు కదిలినట్టు, సన్నటి చప్పుడు వస్తోంది.

"మరాళదేశ ప్రజలారా!" అన్నాడు. గొంతు తేనెలా ఉంది. "నా తల్లులారా, నా తండ్రులారా! మనిషికంటే గొప్పది లేదు.

"నేటి నుంచి ఈ రాజ్యంలో ఏ బావి నీళ్లయినా ఎవరైనా తోడుకోవచ్చు. ఏ వీధిలోనైనా ఎవరైనా చెప్పులు తొడుక్కుని నడవవచ్చు. మనసులో మాట నోటితో అన్నందుకు ఎవరి వీపు మీదా కొరడా పడదు. విచారణ లేకుండా ఎవరినీ చెరలో పెట్టరు. ఆడదని, పేదవాడని, ఫలానా వీధివాడని ఎవరినీ వెనక్కి నెట్టరు. మనిషికంటే గొప్పది లేదు!"

చప్పట్లు ఉరిమాయి. దేవసానమ్మ కళ్లు తుడుచుకుంది. "మనిషి ఎట్లాంటివాడైనా మాట మాత్రం వెన్నేనమ్మా" అంది.

చప్పట్లు ఇంకా అణగకముందే శూన్యపాదుడు గొంతు తగ్గించాడు. "చెట్టు నీడనిస్తుంది. మబ్బు వాననిస్తుంది. ఏలినవాడు హక్కునిస్తాడు." ఆ మూడు ముక్కలూ ఊపిరి తీసుకున్నంత తేలికగా దాటించి, వెంటనే గొంతు పెంచాడు. "కానీ ప్రజలారా, పొరుగుదేశాల నుంచి నీడదొంగలు వచ్చారు! మేదరివీధిని చూడండి! ఆ అభాగ్యులను చూడండి! ఇది వాళ్ల పని కాదా? అందుకని మిమ్మల్ని ఒక్కటే కోరుతున్నాను. మీ నీడలను ఈ పెట్టెలో దాచండి. నేను కాపలా కాస్తాను. కావలసినప్పుడు అడగండి, ఇస్తాను. మేలు మరిచినవాడి దగ్గర మాత్రం ఏదీ మిగలనివ్వను. ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడం ఏ దేశంలోనైనా న్యాయమే. మనిషికంటే గొప్పది లేదు! ఆ మనిషిని కాపాడటంకంటే గొప్ప ధర్మం లేదు!"

జనం ఊగిపోయారు. పైన సూర్యుడు నడినెత్తికి వస్తున్నాడు. వేల నీడలు కుంచించుకుని యజమానుల పాదాల దగ్గరకు చేరుతున్నాయి, భయపడ్డ పిల్లుల్లా.

"పట్టుమాట చెప్పవలసినవారు లేవండి" అన్నాడు శూన్యపాదుడు చిరునవ్వుతో. "మూడు శంఖాల గడువు."

రేవక లేచింది. మొదటి శంఖం మోగింది.

"మనిషికంటే గొప్పది లేదు! అదే చెప్పు పిల్లా, మూడుసార్లన్నాడు!" దేవసానమ్మ అరిచింది. "బావులు! బావుల సంగతి చెప్పు!" మరెవరో అరిచారు. ఒక్కొక్కడికీ తనకు తీపిగా తగిలిన మాటే అసలు మాటగా వినిపించింది.

వెదురుకట్ట నెత్తిన పెట్టుకుని బుట్టలమ్మే వేషంలో ఉన్న పుష్పకేతుడు ఆమె వెనక్కి జరిగాడు. "రేవకా, ఇందులో ఆలోచించేదేముంది? నీడలు తన పెట్టెలో పెట్టమంటున్నాడు. మిగతాదంతా పై పూత. అది చెప్పెయ్యి!"

రేవకకూ అదే తోచింది. నోరు తెరిచింది. తెరుస్తూ శూన్యపాదుడి వైపు చూసింది. అతని కళ్లలో ఆత్రం కనిపించింది, చేప గాలం దాకా వచ్చినప్పుడు ఒడ్డున కూర్చున్నవాడికి ఉండే ఆత్రం. ఆమె నోరు మూసుకుంది.

రెండో శంఖం మోగింది. జనం నీడలు మడమలను దాటి లోపలికి జరిగాయి.

ఆమె తండ్రి వైపు చూసింది. వాసెన ఒళ్లో, ఇంటి నుంచి తెచ్చుకున్న సగం బుట్ట ఉంది. అంచు ఉంది, గోడ ఉంది. రేవక దాన్ని చేతిలోకి తీసుకుంది. చిన్నప్పుడు ఈయనే ఆమెకు చెప్పాడు: బుట్ట కొనేవాడు అంచు చూస్తాడు, రంగు చూస్తాడు, పట్టుకునే పిడి చూస్తాడు. అల్లేవాడు మాత్రం మొట్టమొదట పరిచేది అడుగుబద్దల జత. అల్లిక పూర్తయ్యాక అది ఎవరి కంటా పడదు. పై నుంచి ఏ బద్ద లాగినా బుట్ట నిలుస్తుంది. అది లాగితే మొత్తం చేతిలో ఊడివస్తుంది.

రేవక ఆ ప్రసంగంలోంచి ఒక్కొక్క బద్దా లాగి చూసింది.

మనిషికంటే గొప్పది లేదన్నాడు. అది తీసేస్తే? మిగతాదేమీ కదలదు, అది అంచుకు వేసిన రంగు. బావులు, చెప్పులు, కొరడా? తీసినా నీడల పెట్టె అక్కడే ఉంటుంది. నీడదొంగలు? వాళ్లు కాకపోతే మరో బెదిరింపు పెడతాడు. నీడలు దాచమన్నాడు, దాన్ని తీసేస్తే? రేవక ఇక్కడ ఆగింది. తీసేసినా ప్రసంగం ఇంకా నిలబడే ఉంది. ఈ రోజు నీడ అడిగాడు, రేపు గొంతు అడుగుతాడు, ఎల్లుండి పిల్లలను. అది పిడి మాత్రమే. పిడి పట్టుకుని బుట్ట ఎత్తుకుపోతాడు. ఎత్తుకుపోయే అధికారం ఎక్కడి నుంచి వచ్చింది?

మేలు మరిచినవాడి దగ్గర ఏదీ మిగలనివ్వనన్నాడు. ఏ మేలు? ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకుంటానన్నాడు. ఎప్పుడిచ్చాడు? చప్పట్ల చాటున, ఊపిరి తీసుకున్నంత తేలికగా, ఒక మాట జారవిడిచాడు. చెట్టుకూ మబ్బుకూ పక్కన కూర్చోబెట్టి దాటించేశాడు. ఆ ఒక్కటీ లాగితే బావులు అతను తెరిచినవి కావు, నోళ్లు అతను విప్పినవి కావు, పెట్టె అతని పెట్టె కాదు. అన్నీ చేతిలో ఊడివస్తాయి.

మూడో శంఖం ఎత్తారు.

"పట్టుమాట చెబుతున్నాను!" రేవక గొంతు సన్నగా లేచింది. "ఈయన మనకు హక్కులిస్తున్నానని చెప్పలేదు. మనకు పుట్టుకతో ఏ హక్కూ లేదని చెప్పాడు. మన ఊపిరి, మన మాట, మన నీడ అన్నీ ఏలినవాడు ఇస్తేనే మనవి. ఇచ్చినవాడు కాబట్టి ఎప్పుడైనా తీసుకోవచ్చు. ప్రసంగమంతా ఈ మాట మీద నిలబడి ఉంది!"

శంఖం ఊదేవాడి నోటి దగ్గరే ఆగిపోయింది.

సాక్షిశిలకు చెమటపట్టింది. నల్లటి రాతి లోపలి నుంచి, పాలు పొంగినట్టు, తెల్లటి అక్షరాలు ఒక్కొక్కటే పైకి లేచాయి. *మీకు పుట్టుకతో ఏదీ లేదు. నేనిస్తేనే మీది.* నూటొక్క స్తంభాల నోళ్లూ ఒక్కసారిగా గుసగుసలాడటం మొదలుపెట్టాయి. జనం చదివారు. చదవడం రానివాళ్లకు పక్కవాళ్లు చదివి చెప్పారు. చప్పట్లు కొట్టిన చేతులు కిందికి దిగాయి.

శూన్యపాదుడి చిరునవ్వు మాత్రం చెక్కుచెదరలేదు.

"భేష్!" అన్నాడు. "మేదరిపిల్ల తెలివైనది. ఇప్పుడు మీ వంతు ప్రజలారా. ఔననండి, లేదా కాదనండి. కాదనే హక్కు కూడా నేనిచ్చిందే. ఏదీ, నేనిచ్చిన నోటితో నన్ను కాదనండి చూద్దాం!"

ఎవరూ నోరు విప్పలేదు. కాదంటే అతనిచ్చింది వాడుకున్నట్టు. ఊరుకుంటే ఒప్పుకున్నట్టు. వేలమంది ఎండలో రాళ్లలా నిలబడ్డారు. నీడలు అరచేయంత అయ్యాయి. పెట్టె మూత దానంతటదే వేలెడు లేచింది. లోపలి నుంచి చీకటి నాలుకలా బయటికి వచ్చి వాసన చూసింది. పుష్పకేతుడి చెయ్యి వెదురుకట్టలోకి పోయింది.

"వద్దు!" అంది రేవక. తండ్రి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. నెల రోజులుగా ఈయనను ఎన్నో అడిగింది. తిన్నావా, నొప్పిగా ఉందా, నన్ను గుర్తుపట్టావా. ఒక్కటి మాత్రం అడగలేదు.

"నాయనా, నీ నీడ నీకు ఎవరిచ్చారు?"

వాసెన కళ్లెత్తాడు. ఎండమనుషులు అడిగినదానికి ఉన్నదున్నట్టే చెబుతారు.

"ఎవరూ ఇవ్వలేదు" అన్నాడు. "నాతోనే పుట్టింది."

అంత పెద్ద మైదానంలో ఆ చిన్న గొంతు అందరికీ వినిపించింది. దంతపుపెట్టెలో ఏదో ఒకటి మూతను లోపలి నుంచి టక్కున కొట్టింది.

"అదీ మాట!" దేవసానమ్మ మిరపకాయల గంప దబ్బున కింద పెట్టి ముందుకొచ్చింది. "ఒరే మంత్రీ! నేను పుట్టినప్పుడు నా నీడను మా మంత్రసాని చూసింది, మా అమ్మ చూసింది. నువ్వెక్కడున్నావురా అప్పుడు? నువ్విచ్చావా? కాదు! కాదంటే కాదు!"

"కాదు!" అన్నారు పదిమంది. "కాదు!" అన్నారు వందమంది. నూటొక్క రాతినోళ్లూ ఆ మాట అందుకుని ఆకాశానికి విసిరాయి. కోటగోడ మీది కాకులన్నీ ఒక్కసారి అరుస్తూ లేచాయి. నడినెత్తి దాటిన సూర్యుడు వేలెడు పడమటికి జరిగాడు. ఊరివాళ్ల నీడలు పాదాల కింది నుంచి మెల్లగా తూర్పుకు తల పెట్టాయి.

సాక్షిశిల మీది అక్షరాలు భగ్గుమని మండాయి. ఆ వేడిగాలికి శూన్యపాదుడి పట్టుబట్టలు మోకాళ్ల దాకా ఎగిరాయి. ముందువరసలో ఉన్నవాళ్లు చూసి కెవ్వుమన్నారు. బట్టల కింద పాదాలు లేవు. కాళ్లు లేవు. ఎన్నో నీడలను ముక్కలు ముక్కలుగా కలిపి కుట్టిన నల్లటి గుడ్డ ఒకటి గాలిలో ఆడుతోంది. ఆ ముక్కల్లో ఒకదానికి కిరీటం ఆకారం ఉంది.

"నాన్నగారి నీడ!" పుష్పకేతుడు వెదురుకట్ట విసిరికొట్టి కత్తి దూశాడు. ఇప్పుడు దూయవచ్చు, ప్రసంగం చచ్చిపోయింది. మూడు అంగల్లో మెట్లెక్కాడు. ఎండభటులు ఈటెలు అడ్డం పెట్టారు. "ఎవరిని అడ్డుకుంటున్నారు మీరు?" అని అరిచాడు. "యువరాజుని" అన్నారు వాళ్లు ఉన్నదున్నట్టు. అలా చెప్పే ఆ ఒక్క క్షణంలో అతను ఈటెల కింది నుంచి దూరిపోయాడు. అతని కత్తివేటుకు తెల్లటి పట్టుబట్టలు రెండుగా చీలి నేల మీద పడ్డాయి. వాటిలో ఎవరూ లేరు.

పెట్టెను చంకన పెట్టుకున్న నల్లటి గుడ్డ అప్పటికే మండపం వెనక నుంచి గబ్బిలంలా ఎగిరింది. ఎగురుతూ వెండికర్ర కిందికి చాచింది. కొక్కెం వచ్చి రేవక నీడ మెడలో తగులుకుంది.

ఆమె వెల్లకిలా పడింది. నీడ తెగలేదు, తెంపే మంత్రం లేదు కదా. కానీ సాగింది. మెట్ల మీదుగా, మైదానం మీదుగా, ఇళ్ల కప్పుల మీదుగా సాగి సాగి, ఊరి బయట పడమటికొండలో ఉన్న గుహనోటి దాకా పోయి, లోపలికి దూరింది. ఊరందరి నీడలూ తూర్పుకు ఉన్నాయి. రేవక నీడ ఒక్కటే, సూర్యుడికి ఎదురుగా, నల్లటి దారిలా పడమటికి పరుచుకుంది.

"రేవకా, దెబ్బ తగిలిందా?" పుష్పకేతుడు ఆమెను లేవదీశాడు.

"లేదు." ఆమె మడమలు నొక్కుకుంది. ఎవరో అవతలి కొసను పట్టుకుని గుంజుతున్నట్టు పాదాలు వాటంతటవే కదులుతున్నాయి. "మంచిదే. పెట్టె ఎక్కడికి పోయిందో వెతకనక్కర్లేదు. నాయన నీడ, రాజుగారి నీడ అన్నీ ఈ దారి చివరే ఉన్నాయి."

దేవసానమ్మ గంపలోంచి గుప్పెడు ఎండుమిర్చి తీసి రేవక కొంగున కట్టింది. "ఉంచవే. కాళ్లు లేకపోయినా కళ్లుంటాయి కదా వాడికి."

"అవ్వా, నాయనను చూసుకో. అన్నం తిన్నావా అని అడిగితే సరిపోదు. తిను అని చెప్పాలి."

"చెబుతాలే, పో."

రేవక వెనక్కి తిరిగి చూసింది. వాసెన పాదాల దగ్గర ఇంకా ఖాళీయే. కానీ ఆయన ఎవరూ చెప్పకుండా వంగి, చెల్లాచెదురుగా పడిన వెదురుకట్టలోంచి రెండు బద్దలు ఏరుకుని, ఒకదాని మీద ఒకటి అడ్డంగా నేల మీద పరిచాడు. చాలాసేపు వాటినే చూశాడు.

పడమటికొండ చేరేసరికి గుహనోటి దగ్గర గాలి ఆగిపోయింది. చెట్లమీద ఆకు కదలడం లేదు. పట్టపగటి ఎండ గడప దాకా వచ్చి, లోపలికి రానని మొరాయిస్తూ గీత గీసినట్టు ఆగింది. రేవక నీడ ఆ గీత దాటి చీకట్లో కలిసిపోయింది. ఎక్కడ ఆమె నీడ అయిపోయి ఎక్కడ గుహ చీకటి మొదలైందో తెలియడం లేదు. పుష్పకేతుడు కత్తి ముందుకు పెట్టి ఒక అడుగు వేశాడు.

అప్పుడు లోపలి నుంచి పిలుపు వచ్చింది. ముందు దగ్గు, తర్వాత గొంతు. నెల రోజుల క్రితం నాటి వాసెన గొంతు, నవ్వూ విసుగూ రెండూ ఉన్న గొంతు.

"రేవకా! ఎండలో పడి వచ్చావా తల్లీ? అన్నం తిన్నావా?"

నెల రోజులుగా ఆమెను ఆ మాట అడిగినవాళ్లు లేరు.

"నీడ బరువుగా లేదూ? ఒక్కసారి నాకియ్యమ్మా. నేను పట్టుకుంటాలే. ఇస్తానను, చాలు."

పుష్పకేతుడు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. రేవక పెదవులు బిగించింది. కొంగున ముడి విప్పి ఎండుమిర్చి పిడికిట్లోకి తీసుకుంది. రెండో చేత్తో, నేల మీది తన నీడను తాడు పట్టుకున్నట్టు పట్టుకుంది. చల్లగా, బరువుగా, నిజంగానే చేతికి దొరికింది.

చేంతాడుకు వేలాడే బిందెను పైకి లాగినట్టు, దాన్ని ఒక్కొక్క మూరే తన వైపు లాగుకుంటూ, ఆమె గీత దాటి చీకట్లో అడుగుపెట్టింది.

అవతలి నుంచి లాగడం ఆగిపోయింది. దగ్గరకు వస్తున్న చప్పుడు వినిపించింది. కాళ్లే లేనివాడి గుహలో, అవి అడుగుల చప్పుడు.